పదకొండో పోగు

ఉత్తర స్వీడన్ పల్లెల్లో సెప్టెంబరు మొదటి సోమవారం నాడు ప్లంబరు దొరకడు, కరెంటు మేస్త్రీ దొరకడు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. అందరూ అడవిలో ఉంటారు. అక్కడ మూస్ వేట మొదలయ్యేది ఆ రోజే. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయి ఊళ్ళు నిండినట్టు, ఆ వారం పట్నాల్లో ఉద్యోగాలు చేసుకునే కొడుకులూ కూతుళ్ళూ సెలవు పెట్టి సొంతూళ్ళకు చేరుకుంటారు. స్టాక్‌హోమ్‌లో నాతో పాటు ఏడేళ్ళుగా పనిచేస్తున్న మిత్రుడు కూడా ఏటా ఆ వారం కనిపించడు. తిరిగొచ్చేటప్పుడు చలికోటు నిండా కట్టెల పొగ వాసన, మొహం నిండా తృప్తి. కిందటేడు ఉండబట్టలేక అడిగాను, నన్నూ తీసుకెళ్తావా అని.

"లైసెన్సు లేదు కాబట్టి తుపాకీ ముట్టుకోవడానికి లేదు. మా నాన్న పక్కన కూర్చోవచ్చు. నాలుగు గంటలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోగలవా?" అన్నాడు.

కూర్చుంటానన్నాను.

నాతో బెజవాడ మిత్రుడొకడూ బయల్దేరాడు. ఇద్దరిదీ ఒకే బిల్డింగు. వాడిది పుట్టుకతో శాకాహారం. "అడవి చూస్తానురా, చంపేది మాత్రం చూడను" అని ముందే షరతు పెట్టాడు. మా మిత్రుడికి ఆ మాట చెబితే, "రమ్మను, లెక్క రాయడానికి మనిషి కావాలి" అన్నాడు. ఏం లెక్కో అప్పటికి మాకు తెలియదు.

స్టాక్‌హోమ్ నుంచి ఓస్టెర్‌సుండ్‌కు రైల్లో అయిదు గంటల పైనే పడుతుంది. ఉప్సాలా దాటి కొంత దూరం పోయాక పొలాలు పలచబడతాయి, తర్వాత అసలే ఉండవు. పైన్ చెట్లు, స్ప్రూస్ చెట్లు, మధ్యలో తెల్లటి బిర్చ్ కాండాలు, ఒక చెరువు, మళ్ళీ చెట్లు. అదే వరస గంటల తరబడి. సెప్టెంబరు మొదట్లోనే బిర్చ్ ఆకులు అక్కడక్కడ పసుపు తిరిగాయి. పెద్ద చెరువు ఒడ్డున ఉన్న ఓస్టెర్‌సుండ్‌లో దిగాం. అది యెమ్ట్‌లాండ్ సీమకు ముఖ్యపట్నం. ఆ సీమ ముద్రను చూసి అక్కడే ఆగిపోయాను. నీలం రంగు మీద వెండి మూస్. దాని వీపు మీద బంగారు డేగ, ఎదురుగా బంగారు కుక్క. ఒక సీమంతా తన గుర్తుగా వేటనే పెట్టుకుందంటే, మేం వచ్చింది సరదా షికారుకు కాదని అప్పుడే తోచింది.

మూస్‌ని స్వీడిష్‌లో 'ఎల్య్' అంటారు, చివరి అక్షరం పలికీ పలకనట్టు. జింక జాతుల్లో ఇంతకన్నా పెద్దది లేదు. పెద్ద పోతు భుజం దగ్గర రెండు మీటర్ల దాకా ఉంటుంది, నాలుగు వందల కిలోలు దాటి తూగుతుంది. మాది పాల్వంచ దగ్గర పల్లె. చిన్నప్పుడు కిన్నెరసానిలో చూసిన చుక్కల జింకలే నాకు తెలిసిన జింకలు. వాటిని మనసులో పెట్టుకుని దీన్ని ఊహించలేం. గేదెకు పొడుగు కాళ్ళు పెట్టి, గుర్రం మెడ తగిలించి, వేలాడే పైపెదవి ఇచ్చి, తల మీద రెండు చేటలు నిలబెడితే కొంత దగ్గరకు వస్తుంది. స్టేషన్ నుంచి ఊరికి కారులో వెళ్తుంటే పెద్ద రోడ్డుకు రెండు పక్కలా కిలోమీటర్ల కొద్దీ ఎత్తైన కంచె. మూస్ కాళ్ళు పొడుగు కావడంతో కారు గుద్దితే దాని బరువంతా నేరుగా ముందు అద్దం మీద వచ్చి పడుతుంది. అందుకే ఈ కంచెలు. చిన్న రోడ్డులోకి తిరిగాక కంచె పోయింది. ఎర్ర అంచున్న పసుపు పలకల మీద నల్లటి మూస్ బొమ్మ మొదలైంది. మిత్రుడు వేగం తగ్గించి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, చెట్ల అంచులు చూస్తూ నడిపాడు.

ఆ ఆదివారం సాయంత్రం బృందమంతా ఒక ధాన్యపు కొట్టంలో కలిసింది. కొట్టానికి ఆ దేశపు ఇటుక ఎరుపు రంగు. బృందాన్ని 'యాక్ట్‌లాగ్' అంటారు. తొమ్మిది మంది వేటగాళ్ళు. ఒక రైతు, ఒక నర్సు, లారీ నడిపే అన్నదమ్ములిద్దరు, మా మిత్రుడు, వాళ్ళ నాన్న, కుక్కను నడిపించే ఆయన, కాలేజీ చదువుతున్న ఒక అమ్మాయి, అందరికీ పెద్దగా ఊరి బడి టీచరమ్మ. వేట జరిగే వారమంతా ఆవిడ మాటే చట్టం. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏ దిక్కుకు కాల్చకూడదు, ఎప్పుడు ఆపాలి, అన్నీ ఆవిడే చెబుతుంది. కాపు కాసే చోటును 'పాస్' అంటారు. మంచి పాస్ ఎవరికి రావాలన్న తగువు రాకుండా చీటీలు వేశారు. ఉన్ని టోపీలో చీటీలు వేసి కలిపి, ఒక్కొక్కరూ తీశారు. మా మిత్రుడి నాన్నకు ఎనభైకి రెండేళ్ళు తక్కువ. వయసు చూసి ఆయనకు దగ్గర పాస్ ఇవ్వబోతే, "చీటీ తీస్తాను" అన్నారు. బురదనేల దాటి వెళ్ళాల్సిన దూరపు పాస్ వచ్చింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత టీచరమ్మ ఆ ఏటి అనుమతి చదివింది. ఈ బృందానికి రెండు పెద్దవి, మూడు దూడలు. అంతకు మించి ఒక్కటి కూడా లేదు. దూడ వెంట ఉన్న తల్లిని కాల్చకూడదు. దూడనే ముందు తీయాలి. సూర్యోదయానికి గంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకే వేట. గాయపడ్డ జంతువును వెతకడానికి శిక్షణ పొందిన కుక్క రెండు గంటల్లో అక్కడికి చేరేలా ఉండాలి, లేకపోతే తుపాకీ తీయకూడదు. ఇవి దేశమంతటికీ ఉన్న నియమాలు. 1985 నుంచి కొత్తగా వేటగాడు కావాలంటే పరీక్ష ప్యాసవ్వాలి. చట్టం, జంతువుల గుర్తింపు, గురి, అన్నీ అందులో ఉంటాయి. ఆ పైన ఏటా వేసవిలో ఎనభై మీటర్ల దూరంలో పట్టాల మీద పరిగెత్తే చెక్క మూస్‌ని కాల్చి సాధన చేస్తారు. కాలేజీ అమ్మాయి ఆ పరీక్ష రాసి వచ్చింది కిందటేడే. "మా అన్నయ్య రెండుసార్లు తప్పాడు" అని మెల్లగా చెప్పి నవ్వింది.

వెళ్ళబోతుంటే టీచరమ్మ బెజవాడ మిత్రుడి చేతిలో చిన్న నోటుపుస్తకం పెట్టింది. వేటలో ఎవరికి ఏ మూస్ కనిపించినా, కాల్చినా కాల్చకపోయినా, పోతా, తల్లా, దూడలెన్ని, ఎన్ని గంటలు కాపు కాశారు అని రాయాలి. దేశంలోని వేటగాళ్ళందరి లెక్కలూ కలిపితే ఏ సీమలో ఎన్ని మూస్‌లు ఉన్నాయో అంచనా వస్తుంది. మరుసటి ఏటి అనుమతులకు అదే ఒక ఆధారం. "ఇక్కడ అందరికన్నా ముఖ్యమైన పని ఇదే. చంపనివాళ్ళు రాస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది" అంది. వాడు పుస్తకాన్ని లోపలి జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

*

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మిత్రుడి నాన్న, ఆ పెద్దాయన వెనక నడక మొదలైంది. రెండు డిగ్రీల చలి. నెత్తి మీద నారింజ రంగు పట్టీ కట్టిన టోపీలు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. బురదనేల మీద అడుగు వేస్తే నీళ్ళు నిండిన పరుపు మీద వేసినట్టు కిందికి దిగి, తీస్తే చప్పుడు చేస్తుంది. ఆయన నాచు గుబురుల మీదే అడుగు వేస్తూ పోతున్నారు, నన్నూ అక్కడే వేయమన్నారు. ఎవరి అడుగు ఎక్కడ పడిందో నాకు ఆ చీకట్లో ఆయన బూట్ల చప్పుడే చెప్పింది.

పాస్ అంటే రెండు నిలువుల ఎత్తు మంచె. మన జొన్నచేల మంచె లాంటిదే, పైన ఒక బల్ల. ఎదురుగా పొగమంచు కప్పిన బురదనేల, దాని అవతల స్ప్రూస్ చెట్ల నల్లటి గోడ. ఆయన తుపాకీని మోకాళ్ళ మీద పెట్టుకుని, థర్మాస్ తెరవకుండా పక్కన ఉంచి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. నేనూ అలాగే కూర్చున్నాను.

మొదటి అరగంటలో నా ఊపిరే నాకు గోలగా వినిపించింది. తర్వాత చెవులు తెరుచుకున్నాయి. ఎండిన ఆకు మీద మంచుబొట్టు పడితే వినిపిస్తోంది. ఎక్కడో వడ్రంగిపిట్ట. దూరంగా కొంగలు. వెలుగు తూరుపు నుంచి కాకుండా నేలలో నుంచే లేస్తున్నట్టు, ముందు నాచు తెల్లబడింది, తర్వాత గడ్డి, ఆ తర్వాత చెట్లు. రెండు గంటలు గడిచేసరికి వచ్చింది ఎందుకో కూడా మర్చిపోయాను. అప్పుడు పెద్దాయన కుడిచెయ్యి చంకలోంచి బయటికి వచ్చింది. వేలు చూపించలేదు, కళ్ళు మాత్రం ఎడమకు తిప్పారు.

పొగమంచులోంచి ముందు కాళ్ళు వచ్చాయి. బూడిద తెలుపు కాళ్ళు, వాటి మీద నల్లటి ఒళ్ళు. తల్లి మూస్. అరవై మీటర్లు కూడా ఉండదు. నాలుగు అడుగులు వేసి నిలబడింది. పొడుగు చెవులు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగాయి. మూస్‌కు చూపు అంత బాగుండదు, చెవులూ ముక్కూ మాత్రం అమోఘం. గాలి మా వైపే వీస్తోంది. దాని వెనక రెండు దూడలు, ఎర్రమట్టి రంగులో, బడికి వెళ్ళే కవల పిల్లల్లా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

తుపాకీ భుజానికి ఎక్కింది. చప్పుడు లేకుండా ఎలా ఎక్కిందో నేను చూడలేదు. సేఫ్టీ తీసిన చిన్న చప్పుడు మాత్రం విన్నాను, వేలు విరిచినంత. దూడలు తల్లికి అవతల ఉన్నాయి. ఒక దూడ ముందుకు వచ్చింది. వెనకే రెండోది, దాన్ని ఆనుకుని. ఆయన గొట్టం కొసను వాటి వెంట మెల్లగా తిప్పుతూనే ఉన్నారు. ఇవతలి దూడకు తగిలిన గుండు దాన్ని దాటి పోతే అవతలి దూడకో, తల్లికో తగులుతుంది. అవి మూడూ విడిపడాలి. విడిపడలేదు. తల్లి ఒక్కసారి నీళ్ళు తాగి తల ఎత్తింది, మూతి నుంచి బొట్లు కారుతూ, ఏదో నిర్ణయించుకున్నట్టు నడిచి చెట్లలోకి పోయింది. దూడలు వెంట పోయాయి. ఆఖరి దూడ తోకదాకా పోయాక సేఫ్టీ మళ్ళీ పడింది.

పెద్దాయన తుపాకీ మోకాళ్ళ మీదికి దించారు. ఆయన చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. థర్మాస్ తెరిచి, మూతలో కాఫీ పోసి ముందు నాకు ఇచ్చారు.

"అరవై ఏళ్ళుగా వస్తున్నాను. కాల్చనివన్నీ గుర్తున్నాయి" అన్నారు గుసగుసగా.

మధ్యాహ్నం నెగడు దగ్గర అందరం కలిశాం. చీల్చిన పైన్ దుంగ మీద సాసేజీలు కాలుతున్నాయి. సంచిలోంచి 'తున్‌బ్రోద్' తీశారు, కట్టెల పొయ్యి మీద కాల్చిన పల్చటి రొట్టె, మన జొన్నరొట్టె కన్నా పల్చన. బెజవాడ వాడు వెన్న రాసుకుని అవి ఆరు తిన్నాడు. పక్కనే ఎర్రగా పండిన లింగోన్ పళ్ళు ఏరి రొట్టెలో చుట్టుకున్నాడు. అడవి ఎవరిదైనా పళ్ళూ పుట్టగొడుగులూ ఎవరైనా ఏరుకోవచ్చు, అది అక్కడి జనానికి అనాదిగా ఉన్న హక్కు. వేట హక్కు మాత్రం భూమి ఉన్నవాళ్ళది. అదీ సులువుగా రాలేదు. పెద్ద జంతువుల వేట రాజులూ ప్రభువులూ తమకే అట్టేపెట్టుకున్న కాలం చాలానే గడిచింది. 1789లో గుస్తావ్ III రాజ్యంలోగానీ రైతులకు తమ నేల మీద వేటాడే హక్కు దక్కలేదు. పెద్దాయన ఆ సంవత్సరం మొన్న జరిగినట్టు చెప్పారు.

ఆ సాయంత్రం ఆవిరి స్నానాలు అయ్యాక వంటింట్లో కూర్చున్నప్పుడు బెజవాడ మిత్రుడు మనసులో ఉన్నది అడిగేశాడు. మా దేశంలో 1972 చట్టం వచ్చాక ఇలాంటి వేట లేదు, మీకు కొట్లో అన్నీ దొరుకుతాయి, ఇంకా చంపడం అవసరమా అని. వాడి గొంతులో తప్పు పట్టడం లేదు, బాధ ఉంది. బల్ల చుట్టూ ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

టీచరమ్మ కాసేపు ఆలోచించి చెప్పింది. "ఆకలికైతే అవసరం లేదు. అది నిజమే. కానీ ఈ అడవి మీరు రైల్లోంచి చూసినట్టు తనంతట తాను పెరిగినది కాదు. మేం కొట్టి, మళ్ళీ నాటిన అడవి. నాటిన పైన్ మొక్కలు మూస్‌కు చలికాలం తిండి. తిండి పెరిగేసరికి అవి విపరీతంగా పెరిగాయి. నా చిన్నప్పుడు, 1982లో, దేశం మొత్తం మీద ఒక్క ఏడాదిలో లక్షా డెబ్భై వేల పైన వేటాడారు. అయినా రోడ్ల మీద మనుషులు చచ్చిపోయేవాళ్ళు. ఇప్పుడు వేటాడేది అందులో సగం కూడా లేదు, ఇప్పుడు తగ్గిపోతున్నాయేమో అని చూసుకోవాలి. తోడేళ్ళు మేం మిగల్చలేదు. ఎలుగులు దూడల్ని కొన్ని తింటాయి. లెక్క చెడగొట్టింది మేం కాబట్టి లెక్క చూసుకోవాల్సిందీ మేమే. ఆ పైన, దాచడం ఎందుకు, నాకు ఆ మాంసం ఇష్టం. నేను తినేది ఎక్కడ పెరిగిందో, ఎలా పోయిందో నాకు తెలియాలి."

"నేను ఒప్పుకోలేను, కానీ అర్థమైంది" అన్నాడు వాడు.

"అది చాలు. పుస్తకంలో ఇవాళ్టివి రాశారా?" అంది ఆవిడ.

రాశాడు. తల్లి ఒకటి, దూడలు రెండు. కాల్చలేదు.

*

మంగళవారం కుక్క వంతు. పేరు ఫ్రేయా. యెమ్ట్‌హుండ్ జాతి, ఈ సీమ పేరే దానికి. 1946లో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. బూడిద రంగు బొచ్చు, వీపు మీదికి చుట్టుకున్న తోక, నిటారు చెవులు. దీని పని మూస్‌ని పట్టుకోవడం కాదు, ఎంత మాత్రం కరవడం కాదు. వాసన పట్టి వెతికి, ఎదురుగా నిలబడి మొరగాలి. పారిపోవాలనిపించేంత దగ్గరకు పోకూడదు, పట్టించుకోకుండా వెళ్ళిపోయేంత దూరంలోనూ ఉండకూడదు. మూస్ విసుగ్గా నిలబడి దాన్నే చూస్తుంటే, ఆ మొరుగు వింటూ మనిషి గాలికి ఎదురుగా పాకుతూ పోతాడు.

తొమ్మిది దాటాక దాని గొంతు మారింది. అప్పటిదాకా అప్పుడొకటి ఇప్పుడొకటి వినిపించిన అరుపు ఒక్కసారి చెరువు గట్టు మీద దండోరా వేసినట్టు నిలిచి పడింది. దాని మెడపట్టీ ఎక్కడుందో, నిమిషానికి ఎన్నిసార్లు మొరుగుతోందో చేతిలోని చిన్న తెర చూపిస్తుంది. 84 అని పడింది. రేడియోలో ఒక్క మాట వచ్చింది: "నిలబెట్టింది." కొండవాలు మీదున్న ఎనిమిది మంది ఊపిరి బిగపట్టారని నాకు తెలుసు, ఒక్కరూ కనిపించకపోయినా. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ కుక్క ఒక్కచోట నిలబడి మొరుగుతూనే ఉంది. తర్వాత ఒక తూటా. మొరుగు ఆగింది. కొండలు ఆ చప్పుడును ఒకదానికొకటి అందించుకున్నాయి. మళ్ళీ కుక్క గొంతు, ఈసారి కదులుతూ. మళ్ళీ ఆగింది.

"పోతు. పడింది" అని రేడియో.

మేం చేరేసరికి పోతు నాచు మీద పక్కకు ఒరిగి ఉంది. తూటా తగిలాక డెబ్భై ఎనభై మీటర్లు పరిగెత్తిందట. కొమ్ములకు మఖమల్ పొర రాలి ఎంతో కాలం కాలేదు, చెట్లకేసి రుద్దిన చోట ఇంకా ఎరుపు. రెండు వైపులా కలిపి ఎనిమిది కొసలు. ఫ్రేయా దాని మెడ మీద తల ఆనించి, నాలుక బయటపెట్టి పడుకుని ఉంది. ఎవరూ కేకలు వేయలేదు, వీపులు చరుచుకోలేదు. కాల్చినాయన టోపీ తీసి, పోతు కళ్ళ మీద చెయ్యి పెట్టి చూసి, లేచి నిలబడ్డాడు. అందరూ టోపీలు తీశారు. చంపేది చూడనన్న బెజవాడ మిత్రుడు నా పక్కనే ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో గమనించలేదు. వాడు కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు, నేను అడగలేదు.

ఆ తర్వాత పని. కాలేజీ అమ్మాయికి నేర్పించడానికి ఆ అమ్మాయి చేతే కత్తి పట్టించారు. పొట్ట సంచి చిరగకుండా, ఒక వేలు కత్తి మొనకు అడ్డం పెట్టి కోయాలి. పొట్ట తెరవగానే పులిసిన గడ్డి వాసన, చలిగాలిలోకి పొగలా ఆవిరి. గుండె రెండు చేతుల్లో పట్టేంత ఉంది. అడవిలో వదిలిన పేగుల కోసం మేం ఇంకా అక్కడుండగానే బొంతకాకులు చెట్ల మీద చేరాయి. బండలూ బురదా ఉన్న చోటు నుంచి అంత బరువును లాగడానికి రబ్బరు పట్టీల మీద నడిచే చిన్న ఇంజిన్ బండి ఉంది. 'ఇనుపగుర్రం' అంటారు దాన్ని. ఎనిమిది మంది తలో చెయ్యి వేసి దాని మీదికి ఎక్కించారు. కొట్టంలో తోలు తీసి తూస్తే 196 కిలోలు. కింది దవడను వేరుగా తీసి పెట్టారు. పళ్ళ అరుగుదల చూసి వయసు లెక్క కడతారు. అదీ పుస్తకంలోకి ఎక్కింది.

గుండెను మాత్రం ఆ రాత్రే ఇనప పెనం మీద వెన్నలో ఉల్లిపాయలతో వేయించారు. మిగిలిన మాంసం వేలాడాలి. ఎన్నాళ్ళు అని అడిగితే పెద్దాయన చెప్పిన లెక్క భలేగా ఉంది. ఏ రోజుకారోజు సగటు డిగ్రీలు కూడుకుంటూ పోవాలి, మొత్తం 40 అయితే దింపాలి. కొట్టంలో 8 డిగ్రీలు. అయిదు రోజులు. ఆదివారం.

*

మధ్యలో ఒక రోజు పెద్దాయన మమ్మల్ని గ్లోసా తీసుకెళ్ళారు. చెరువు దగ్గర అడవిలో చిన్న వాగు, వాగు పక్క నున్నటి బండలు. వాటి మీద మూస్‌లు చెక్కి ఉన్నాయి, గుంపులు గుంపులుగా. సుమారు ఆరువేల ఏళ్ళ కిందటివి. రాతి ఉలితో చెక్కిన మనిషికి ఏ లోహమూ తెలియదు. అయినా కాళ్ళ పొడుగు, మూపు ఎత్తు, వేలాడే మూతి, నేను సోమవారం పొగమంచులో చూసినట్టే ఉన్నాయి. కొన్నిటికి ఒంటి లోపల గీతలున్నాయి, లోపలి అవయవాలను చూపిస్తున్నట్టు. పొట్ట కోసి చూసినవాడే అలా గీయగలడు. వచ్చే దారిలో ఆయన చెట్ల మధ్య వరసగా ఉన్న గుంటలు చూపించారు, నాచు నిండి పక్కలు జారినవి. మూస్ నడిచే దారిలో తవ్విన పాత ఉచ్చు గుంటలు. 1864లో వాటిని నిషేధించారు. బెజవాడ వాడు ఒక గుంట అంచున నాచులో దాగిన మూస్ కొమ్ము చూశాడు, చలికాలంలో రాలినది. అంచుల మీద దువ్వెన పళ్ళలాంటి సన్నటి గాట్లు. ఎలుకలు సున్నం కోసం కొరికిన గుర్తులట. వాడు కాసేపు చేతుల్లో తిప్పి చూసి, తీసిన చోటే, అదే వాలులో పెట్టేశాడు.

*

ఆదివారం పొద్దున్న కొట్టంలో బల్లలు కడిగి వేశారు. ఎముకల నుంచి మాంసం తీయడం, వెన్ను ముక్క ఒకవైపు, తొడ ఒకవైపు, కైమాకు వెళ్ళేవి ఒకవైపు. అందరి చేతుల్లోనూ కత్తులు, నా చేతిలోనూ. మధ్యాహ్నానికి పొడవాటి బల్ల మీద పోగులు పడటం మొదలైంది. వెన్ను ముక్క ప్రతి పోగులోనూ ఉండాలి. ఎముకా అంతే, కొవ్వూ అంతే. తూకం వేస్తారు, తర్వాత కంటితో చూసి సరిచేస్తారు. టీచరమ్మ ఒక పోగులోంచి చిన్న ముక్క తీసి పక్క పోగులో పెట్టడం, నాలుగడుగులు వెనక్కి వేసి చూడడం, మళ్ళీ తీయడం.

మా ఊళ్ళో దసరాకు అయిదారిళ్ళు కలిసి ఒక పొట్టేలును కోసేవాళ్ళు. టేకాకులు పరిచి పోగులు వేసేవాళ్ళు. మాంసాన్ని మా వైపు ఇప్పటికీ వేటమాంసం అనే అంటాం. వేట పోయి తరాలు గడిచినా మాట మిగిలింది. పోగులు వేశాక, ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గుర్తు ఇచ్చేవాళ్ళు. ఒకరు పుల్ల, ఒకరు గులకరాయి, ఒకరు వేపాకు, ఒకరు బీడీ ముక్క. ఏది ఎవరిదో తెలియని పిల్లవాణ్ణి పిలిచి, ఒక్కో పోగు మీద ఒక్కో గుర్తు పెట్టమనేవాళ్ళు. ఆ పిల్లవాణ్ణి నేనే చాలాసార్లు. పొత్తులో పోగు తేడా వస్తే ఊళ్ళో మాట తేడా వస్తుందని మా నాయనమ్మ అనేది.

ఇక్కడి పద్ధతి చూసి ఒళ్ళు జలదరించింది. ఒకరు పోగులకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి నిలబడాలి. ఇంకొకరు ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అని అడుగుతారు. గోడ వైపు తిరిగినవాళ్ళు ఒక పేరు చెబుతారు. చూడనివాడి నోట వచ్చిన మాటకు ఎదురు లేదు. టీచరమ్మ నా వైపు చూసి, "బయటివాళ్ళు నిలబడితే మంచిది" అంది. పేర్ల చీటీ ఇచ్చింది. పది పేర్లు. తొమ్మిది మందే కదా అన్నాను. పదోది ఊరి చివర ఇంట్లో ఉండే ముసలావిడ. భర్త ఇదే బృందంలో నలభై ఏళ్ళు వేటాడి పోయాడు. ఆయన పోయాక కూడా పోగు ఆగలేదు.

గోడ వైపు తిరిగాను. పాత పలకల మీద మేకుకు పాత గుర్రపు నాడా ఒకటి వేలాడుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఇది ఎవరికి?"

ముందు ముసలావిడ పేరు చెప్పాను. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఇది ఎవరికి?"

కాలేజీ అమ్మాయి. తర్వాత లారీ అన్న, తర్వాత నర్సు. పేరు చెప్పినప్పుడల్లా బల్ల మీద సంచి చప్పుడు. పోతును కాల్చినాయనకు ఎనిమిదోది వచ్చింది, అందరిలాంటిదే, ఒక ముక్క ఎక్కువా లేదు. పెద్దాయనకు తొమ్మిదోది. మా మిత్రుడికి పదోది. చీటీ మడిచి వెనక్కి తిరగబోయాను.

"ఇది ఎవరికి?" అంది టీచరమ్మ.

చీటీ విప్పి చూశాను. పేర్లు అయిపోయాయి. ఆ మాటే అన్నాను, గోడ వైపు చూస్తూనే.

కొట్టంలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన గొంతు, మంచె మీద వినిపించినంత మెల్లగా.

"నీ పేరు చెప్పు."

చెప్పాను. ఆ నాలుగు అక్షరాలు పలకడానికి గొంతు సరిగ్గా రాలేదు.

*

తిరుగు రైల్లో మా కాళ్ళ మధ్య చల్లపెట్టె. బెజవాడ మిత్రుడి ఒళ్ళో లింగోన్ పళ్ళ సీసా. వాడి నోటుపుస్తకం టీచరమ్మ తీసుకుంది. కానీ ఆఖరి లెక్క వాడికి కంఠతా వచ్చేసింది. వారం మొత్తం మీద కనిపించినవి పద్నాలుగు, తీసింది ఒకటి. "పద్నాలుగింటిలో పదమూడు ఇంకా అక్కడే ఉన్నాయిరా" అన్నాడు కిటికీలోంచి చీకటిని చూస్తూ. ఉప్సాలా దగ్గర పడుతుండగా మళ్ళీ అన్నాడు, "ఆ పదకొండో పోగు మనిద్దరిదీ కదా. నా సగం ఏం చేస్తావు?"

మర్నాడు సాయంత్రం మా వంటింట్లో చల్లపెట్టె తెరిచాను. బిల్డింగులో కింది అంతస్తులో ఇద్దరు పిల్లలున్నారు, ఖమ్మం నుంచి చదువుకోవడానికి కొత్తగా వచ్చారు. ఎదుటి ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఉంది. ఆఫీసు బల్లకు పక్కన కూర్చునే అబ్బాయి ఉన్నాడు. టేకాకులు లేవు కాబట్టి వంట కాగితం పరిచాను. నాలుగు పోగులు వేశాను. వెన్ను ముక్కను నాలుగు చేశాను. ఒక పోగులోంచి ముక్క తీసి ఇంకో పోగులో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. మళ్ళీ తీశాను.

బెజవాడ వాడు తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తున్నాడు. మాంసం ఉన్న బల్ల దగ్గరికి ఎప్పుడూ రానివాడు లోపలికి వచ్చి, ఏమీ అనకుండా, ఫ్రిజ్ వైపు తిరిగి నిలబడ్డాడు.

నేను మొదటి పోగు మీద వేలు పెట్టాను.

"ఇది ఎవరికిరా?"